సంచుల దగ్గర

టైటస్‌విల్‌లో వంటింటి బల్ల మీద
ఎల్లుండి దిగబోయే దీవిని పరిచాం.
ఓడవాళ్ల మ్యాపు, ఎగరకుండా మూలకి ఉప్పుడబ్బా.

పరంధామ్ పెన్సిలు ఆగదు:
తొమ్మిదింటికి దిగడం, తొమ్మిదీపదికల్లా గొడుగు కింద చోటు.
కబానా? నీడకి ఆరొందల డాలర్లా అని కొట్టేసి,
కాసేపటికి పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు.
పెరుగన్నం ఒడ్డుకి దిగనివ్వరట.
ఇషిరకి జారుడుబల్ల మూడుసార్లు,
చిన్నాడికి ఇసుక, ఎంత కావాలంటే అంత.

"నీకేం రాయను?"

మార్చి నుంచీ మంగళవారాలు
ఊరి ఈతకొలనులో ఆరేళ్ల పిల్లల పక్కన
గోడ పట్టుకుని కాళ్లాడిస్తున్నాను,
ఎవరికీ చెప్పలేదు.

"సంచుల దగ్గరుంటానని రాసుకో."

అతను పళ్లు తోముకోడానికి లేచాక
పెన్సిలు తీసి
నీలంరంగులో ఒక చుక్క పెట్టాను.
మోకాలి లోతులో కాదు,
ఇంకాస్త అవతల.