పదిహేనో మేకు

నూకరాజుగారు గోడల్ని అరచేత్తో తడుముతూ
మేకులు లెక్కపెడుతున్నారు.
హాల్లో ఆరు, వంటింట్లో నాలుగు,
తలుపెనక రెండు, పడగ్గదిలో మూడు.
పదిహేనమ్మా, అన్నారు,
కన్నానికి ఇరవై చొప్పున అడ్వాన్సులో తగ్గిస్తూ.

పద్నాలుగేనండి, అన్నాను.
వంటింటి కిటికీ పక్కది మేం రాకముందే ఉంది.
ఏడేళ్ళు దానికే జల్లెడ తగిలించాను.
కొట్టిన చేతిని ఎన్నడూ చూళ్ళేదు.
కిందికి, కాస్త ఎడమకి వంగి ఉంటుంది.
ఆవిడెవరో నాకన్నా పొట్టిదని మాత్రం తెలుసు.

ఆయన కళ్ళజోడు సర్దుకుని
వేలితో కదిపి చూశారు. కదల్లేదు.
సరే, పద్నాలుగే, ఆయ్.

మోకాలెత్తున గోడంతా సాగిన చార దగ్గర
ఇద్దరం కాసేపు మాట్లాడలేదు.
ఆ ఆషాఢం వరదకి పైవాటాలోంచి దిగొచ్చి
మా బియ్యం బస్తాకి ఓ చెయ్యి పట్టారాయన.
రెండుసార్లు సున్నం వేయించినా
లోపల్నించి మళ్ళీ పైకొస్తూనే ఉంది.
దీనికి ఎవరి అడ్వాన్సులో కొయ్యనమ్మా, అన్నారు.
నవ్వారో, దగ్గారో.

వరండాలో ప్రభుదాసు మీటరు చదువుతుంటే
అంకెలు అరచేతిలో రాసుకున్నాను.
చెమటకి ఆరు ఎనిమిదైంది.

జెస్సీ ఖాళీ గదిలో తన పేరు తనే అరిచి
అది తిరిగొచ్చేసరికి బెదిరి
గబగబా చెప్పులేసుకుంది.

పెరట్లో కరివేపచెట్టు నేను నాటిందే.
ఇప్పుడు నాకన్నా ఎత్తు.
దాని సంగతి కాగితంలో ఎవరూ రాయలేదు,
నేనూ ఎత్తలేదు.
ఒక రెమ్మ మాత్రం తుంపి
కొంగున కట్టుకున్నాను, దొంగలా.

రేవులో మా బండి పంటెక్కింది.
ముందు రొయ్యల పెట్టెల వ్యాను,
వెనక పెళ్ళికెళ్ళే పట్టుచీరలు,
నడిమధ్య మా సంసారం:
కాళ్ళు పైకెత్తిన మంచం, బొంతలు, గ్యాసుబండ,
రెండేళ్ళుగా పనిచెయ్యని మిక్సీ.
నలుగురూ చూస్తుంటే
బొంతల చిరుగులు లోపలికి నెట్టాను.

తాళ్ళతో బిగించిన బీరువా అద్దంలో
వశిష్ఠ కదులుతోంది.
ఏడేళ్ళు నా తలదువ్వుడు తప్ప
మరేదీ ఎరగని అద్దం
ఇంత నీటిని ఎక్కడ పట్టించుకుందో!

టిక్కెట్టు కుర్రాడు వచ్చాడు.
ఏ ఊరండి మీది?
ప్రభుదాసు నా వంక చూశాడు.
నర్సాపురం గట్టు అప్పటికే చిన్నదైంది,
సఖినేటిపల్లి గట్టు ఇంకా పెద్దదవలేదు.
బండికెంతో చెప్పు బాబూ ముందు, అన్నాను.

నా ఒళ్ళో ఆవకాయ జాడీ,
దాని మీద బోర్లించిన జల్లెడ.
కాళ్ళ దగ్గర పాలడబ్బాలో
పీక్కొచ్చిన పద్నాలుగు మేకులు.
ఇంజను వణుకుకి
ఊరికే మోగుతున్నాయి.

ఆ ఇల్లు చూడ్డానికెళ్ళినరోజు
అద్దె అడిగాను, కుళాయి తిప్పి చూశాను,
మెట్లు కూడా లెక్కపెట్టాను.
వంటింటి కిటికీ పక్కన
చూడ్డం మర్చిపోయాను.