లప్పం

రెక్కకీ ఒంటికీ నడుమ
వెంట్రుక పట్టేంత సందు.
పెట్టె మీది బొమ్మలో అది లేదు.
అందులో విమానం నీళ్ళమీంచి లేస్తోంది,
నురుగు కూడా వేశారు.

తాళ్ళరేవులో రాత్రి పదకొండు.
జెరాక్సు షాపు షట్టరు సగం దించి
కౌంటరు మీదే పాత పేపరు పరిచాను.
ట్యూబు నొక్కితే బూడిదరంగు లప్పం
చీమిడిలా ఒక్కసారి వచ్చి ఆగిపోయింది.
మూడొందల నలభై రూపాయలు.
కొరియరువాడు తెచ్చేసరికే మూతిదగ్గర గడ్డకట్టింది.

అగ్గిపుల్ల చివర పలచగా చెక్కి
సందులోకి తోస్తాను.
ఎక్కువైతే పక్కనున్న రివెట్లు,
ఆవగింజలో పావువంతు, మునిగిపోతాయి.
తక్కువైతే తెల్లారేసరికి కుంగుతుంది.
శ్రావణం గాలి ఇక్కడ దేన్నీ ఆరనివ్వదు,
అప్పడాల్నీ, లుంగీల్నీ, దీన్నీ.

దోమతెర ఎత్తుకుని మామయ్య లేచొచ్చాడు.
వనమాడి సత్తిరాజు,
నలభై ఏళ్ళు పడవల సందులు పూడ్చిన మనిషి.
ఒక కంట్లో పొర. రెండోదానికి ఆపరేషనైంది.
"ఇది ఇమానమా, పడవా?"
రెండూను. నీళ్ళమీద దిగుతుంది.
"అయితే అడుగు పలకలు సూపించు."
పలకలుండవు మామయ్యా,
రెండు ప్లాస్టిక్ డొప్పలు, అతికించడమే.
నవ్వలేదు.

గోళ్ళరంగు తుడిచే మందులో
పుల్లకి చుట్టిన దూది ముంచి
అంచుల మీద మిగిలింది తీస్తున్నాను.
వాసనకి ముక్కు ఎగబీల్చాడు.
"మేం దూది లోపలెట్టేవోళ్ళం.
నూనెలో తడిపి, ఉలితో కొట్టి, పైన గుగ్గిలం.
నువ్వు దూదితో బయటికి లాగుతున్నావు.
తడిస్తే ఊరుద్దా ఇది?"

ఊరదు. ఆరేకొద్దీ ముడుచుకుంటుంది.

బల్లమీద కూర్చుని ఫ్యాను చప్పుడు విన్నాడు.
"సెక్కైతే
ఏట్లోకి తోసిన మొదటి రేత్రి కారుద్ది.
డబ్బాతో తోడుకుంటా కూకుంటాం.
తెల్లారేతలికి పలక నీళ్ళు తాగి
పక్కపలకని అదే వొత్తుకుంటది.
మేం సేసింది సగమే.
మిగతాది ఏరు సూసుకుంటది."

నాలుగోరోజు నీళ్ళకాగితంతో రుద్దాను,
మగ్గులో ముంచీ, ముంచీ.
ప్రైమరు కొట్టాను.
మా ఆయన ఫోను లైటు వేసి చూసి
అద్దంలా ఉందన్నాడు.
ఏది చూపించినా అలాగే అంటాడు.

మామయ్య విమానాన్ని
పిట్టని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.
చూడలేదు. తల కాలవవైపు తిప్పేసి
చీలిన బొటనవేలి గోటిని
పొట్టమీంచి రెక్కదాకా నడిపించాడు.
ఆగాడు.
"ఇక్కడ."

నాకేం కనపడలేదు.
నా గోటితో రాస్తే జారిపోయింది, నున్నగా.
మళ్ళీ రాశాను. ఏమీ లేదు.
సీసా మూత తీసి
నా బొటనవేలి ఎర్రరంగు తుడిచేసుకున్నాను,
అదే దూదితో.

ఈసారి తట్టింది.

ఆయన అప్పటికే దోమతెరలోకి వెళ్ళిపోయాడు.
ట్యూబు మూతిలో సూది గుచ్చాను.
లోపల ఇంకా మెత్తగానే ఉంది.