పటంలో లేని కుక్కలు

నేను గీసుకెళ్లిన నీళ్ల గదికి
నీలం కప్పు, రెండు కుళాయిలు,
లారీ తిరగడానికి సరిగ్గా కొలిచిన మలుపు.
ఉలాన్‌బాతర్ ఉత్తరపు కొండవాలు మీద
ఆ రోజు సున్నాకి ముప్పై డిగ్రీలు కింద.
బొగ్గుపొగ గొంతులో గరగర.
తా వలచింది రంభ అన్నట్టు
చంకలో చుట్టిన కాగితాన్ని
తడిమి తడిమి చూసుకుంటూ ఎక్కాను.

సేవ్‌జిద్ గుడారంలో పదకొండు మంది.
నడుమ పొయ్యి, దాని మీద ఉప్పేసిన పాల టీ.
పటం పరిచాను. మళ్లీ చుట్టుకుపోకుండా
నాలుగు మూలలా నాలుగు గిన్నెలు పెట్టారు.
నేను మాట్లాడాను. చాలాసేపు మాట్లాడాను.
దుమ్ముగాలి పోయేదాకా
గుమ్మం చాటున ఆగినవాళ్లలా
తలలూపారు.

చివరికి సేవ్‌జిద్,
ఇరవై రెండేళ్లుగా నీళ్ల కిటికీ వెనక కూర్చున్న మనిషి,
కళ్లజోడు తుడుచుకుని అడిగింది:
"కుక్కలేవీ?"

కుక్కలా?

"మూడో సందులో రెండు.
పచ్చగేటు దగ్గర ఒకటి, దాని గొలుసు పొడుగు.
పిల్లలు భయపడి కొండ చుట్టూ తిరిగొస్తారు.
నీ దారిలో కుక్కల్లేవమ్మాయ్,
అందుకే అంత తిన్నగా ఉంది."

ఎవరో ఫక్కున నవ్వారు.
అప్పుడే మొదటిసారి
అందరూ పటం మీదికి వంగారు.

ఆమె సంచీలోంచి షగైలు కుమ్మరించింది,
గొర్రె చీలమండ ఎముకలు, ఆడీ ఆడీ నున్నబడ్డవి.
ఇటు నిలబెడితే గుర్రం, అటు నిలబెడితే ఒంటె,
బోర్లిస్తే గొర్రె, వెల్లకిలేస్తే మేక.
జారిపడే చోట మేకనుంచారు,
కుక్క కాసే చోట ఒంటెని,
దీపం వెలగని స్తంభం కింద గొర్రెని.
నిశ్చింతగా నడవగలిగే చోట గుర్రం.
గుర్రాలు నాలుగే వచ్చాయి.

తొమ్మిదేళ్ల ఖూలన్ ఒక ఒంటెని తెచ్చి
సరిగ్గా నా నీలం కప్పు మీద పెట్టింది.
"అక్కడ కుక్క లేదుగా?"
"తాళం ఉంది."
దానిది మధ్యాహ్నం బడి. వదిలేసరికి చీకటి.
స్లెడ్జికి ఖాళీ డబ్బా కట్టుకుని దిగేసరికి
కిటికీ మూసేసి ఉంటుంది.

ఆరు నెలలు నేను దూరాలే కొలిచాను.
గడియారం నా చేతికే ఉంది.

పటాన్ని తిరగేశాం. వెనకంతా తెల్లగా ఉంది.
పెన్సిలు మళ్లీ నా దాకా రావడానికి
సాయంత్రమైంది.
పొయ్యి బూడిద ఎక్కడ పారబొయ్యాలన్నది ఒక బాధ,
మంచు మీద కాలు నిలవదన్నది ఇంకో బాధ,
రెండిటికీ పెళ్లి చేసేసింది దుల్మా:
వాలు పొడుగునా బూడిద పెట్టెలు.
తాళంచెవులు మూడు, మూడిళ్లలో.
కుక్కల సంగతి మేం చూసుకుంటాం,
నువ్వు రావద్దు, అన్నారు.

అన్నీ కుదిరాయని అనను.
నేను పట్టుబట్టి వేయించిన ఇనుప కమ్మీ
మొదటి చలికే చేతొడుగుల్ని పట్టుకుని వదల్లేదు.
ఫిబ్రవరిలో ఎవరో దానికి ఉన్నిగుడ్డ చుట్టారు,
నన్ను అడక్కుండానే.
ఒక తాళంచెవి పోయింది,
దాని మీద రెండిళ్లవాళ్లు నెల్లాళ్లు పలకరించుకోలేదు.
బూడిదలో స్లెడ్జి కదలట్లేదని పిల్లల గోల;
దారిలో ఒక పక్క, మూరెడు వెడల్పున,
మంచుని మంచుగానే వదిలారు.
అది ఏ కొలతల్లోనూ లేదు.
నీలం కప్పు రానేలేదు.
రాత్రి ఎనిమిదింటికి కిటికీ తెరిచే ఉంటుంది.

ఇంకొకటి చెప్పాలి.
ఆ నాలుగు గుర్రాల్లో ఒకదాన్ని
ఆ పూట ఒక్క మాటా మాట్లాడని ముసలి గొంబో
పటం అంచున, ఇళ్లేవీ లేని చోట నిలబెట్టాడు.
ఎందుకని అడగబోతే
సేవ్‌జిద్ నా మోచెయ్యి నొక్కింది.
నా దగ్గరున్న నకలులో
ఆ చోట ఇప్పటికీ
ఏమీ గీయలేదు.