చెయ్యి వేడెక్కాక

మొదటిసారి తీసినప్పుడు
ఆమె చెయ్యి అబద్ధం చెప్పింది.

కేజీహెచ్‌లో నరాల పరీక్ష గది నాది.
చిటికెన వేలి పక్కన బిళ్ళలంటించి
మణికట్టు దగ్గర కరెంటు చురక పెడతాను
సెకనుకి మూడు చొప్పున, పది.
తెర మీద పది అలలు లేచాయి,
పదీ ఒకే ఎత్తు.
ఏమీ లేదని రాయబోతూ
ఆ వేళ్ళు ముట్టుకుంటే, ఐసు.

"ఏం పని చేస్తారమ్మా?"
"సేపల రేవులో ఏలం. పాట ఎత్తీది నానే బాబూ."
మైలపల్లి కాసులమ్మ, నలభై ఆరు.
తెల్లారగట్ల నుంచీ ఐసులో చేతులు,
అట్నుంచి అటే ఆటో ఎక్కి వచ్చేసింది.
మిగతాది నా గది ఏసీ చేసింది.

బకెట్లో వేడినీళ్ళు తెప్పించాను.
పావుగంట.
మొదటి తట్టకి గొంతు జెట్టీ కొసదాకా పోతుందట,
పదో తట్టకి ముక్కులోంచి వస్తుందట,
ఇరవయ్యో తట్టకి ఎడమ రెప్ప
దుకాణం షట్టరులా దిగిపోతుందట.
తాగొచ్చిందన్నారట.
దిష్టన్నారట, నిమ్మకాయలకే వంద అయిందట.

చెయ్యి తుడిచి మళ్ళీ కొట్టాను.
ఒకటి, నిండు అల.
రెండు, కాస్త తగ్గు.
మూడు.
నాలుగోది సగం దారిలో
ఇసకలోకి ఇంకిపోయింది.
నా దెబ్బ మాత్రం పదిసార్లూ ఒకటే.

చెప్పడం డాక్టరుగారి పని.
నోరూరుకోలేదు.
నరానికీ కండకీ మధ్య
వెంట్రుకలో వెయ్యో వంతు కూడా లేని కాలవుందమ్మా.
నరం ఇట్నుంచి పడవలు పంపుతుంది,
ఎసిటైల్‌కోలిన్ అనే సరుకుతో.
అటు ఒడ్డున కట్టుకోడానికి గుంజలు...

"పడవలేటి బాబూ, అడ్డంగా సెప్తన్నావు.
నరం పాట ఎత్తుతాది. కండ పాడతాది. అంతేనా?"

అంతే.

"మరి పాడీవోల్లకి ఏటైంది?"

చెవుల్లో దూది కుక్కారమ్మా.
కొన్ని చెవుల్ని జతలు జతలుగా కట్టి
లోపలికి ఈడ్చుకుపోయి పారేశారు.
చెవులు మొలిచే మడతల గోడనీ
చెక్కుతూ పోయారు.
పాట సాగేకొద్దీ ఎవరికైనా కేక కాస్త తగ్గుతుంది.
మామూలు ఒంట్లో అది తెలియదు,
చెవులు బోలెడు మిగులు.
మీకు మిగులు లేదు.

"ఎవులు కుక్కినారు?"

మీ ఒంటి కాపలావాళ్ళే.
"మనోల్లేనా!"
మనవాళ్ళే. పరాయివాళ్ళనుకున్నారు.
ఎందుకనుకున్నారో నాకు తెలియదు.
రొమ్ముటెముక వెనకున్న గ్రంథి మీద
పెద్ద డాక్టరుగారికి అనుమానం.

నవ్వింది.
పెదవి కొసలు కదల్లేదు,
పై పెదవి నడిమి ఒక్కటే లేచి పళ్ళు కనబడ్డాయి.
కసురుతోందనుకుంటారు చూసినవాళ్ళు.
పుస్తకంలో ఆ నవ్వుకి ఓ పేరుంది,
బాగోదు.

మూడు వారాలకి ఓ ఆదివారం
రొయ్యలు కొందామని రేవుకెళ్ళాను.
అది నేను ఇంట్లో చెప్పిన మాట.
డాల్ఫిన్ కొండ మీద దీపం ఇంకా ఆరలేదు.
"ఆరొందలు, ఆరొందలేబై, ఎవులన్నారు ఏడొందలు!"
గొంతు జెట్టీ దాటి పడవల దాకా పోతోంది.
బొడ్లో సంచి, సంచిలో మాత్రలు.
ఆ మాత్ర చెవుల్ని మొలిపించదు.
కేక పడ్డ వెంటనే ఊడ్చేసే చీపురొకటుంటుంది కాలవలో,
దాన్ని కాసేపు పట్టుకు ఆపుతుంది.

పదిహేడో తట్ట దగ్గర ఆగింది.
వంజరం పెట్టెలోంచి ఐసు ముక్క తీసి
కొంగులో చుట్టి
ఎడమ రెప్ప మీద పెట్టుకుంది.
నేను చెప్పలేదు అది.
ఆసుపత్రిలోనూ అలాగే చూస్తారని ఆమెకెవరూ చెప్పలేదు,
ఎండ మండిన రోజెప్పుడో తనే కనిపెట్టిందట.
చలికి చీపురు నెమ్మదిస్తుంది.
రెండు నిమిషాలు.
పాడేవాళ్ళు గోల గోల.
రెప్ప, బియ్యపు గింజంత, లేచింది.

ఆ సందులోంచి నన్ను చూసి

"పాడతావా బాబూ?
నేకపోతే తప్పుకో, ఎనకాల జనం."