సొరంగంల మొగిలి

హన్మకొండ దవాఖానల, కింది అంతస్తుల,
అయస్కాంతం గది ముందట
మొగిలి క్లారినెట్‌ను నా చేతుల పెట్టిండు.
"ఇనుముంటది గద మేడం, లోపలికి రానియ్యరట."
వెండి ఉంగరం, మొలతాడు తాయెత్తు, జేబుల చిల్లర.
పెండ్లిల వచ్చిందో, సావుల వచ్చిందో,
ట్రేల పడంగ ఒక్క తీరే మోగింది.

డాక్టర్లు ఏదో పరిశోధన జేస్తున్నరు:
ఒక సంబురం పాట, ఒక దుఃఖం పాట వినిపించి
మెదడు ఏ మూల వెలుగుతదో చూసుడు.
శివనగర్ బ్యాండు మేళంల ముప్పయ్యేండ్లు ఊదినోడని
ఈయనను పిలిచిన్రు.

యంత్రం డబడబ కొట్టుడు మొదలువెట్టింది.
మైకుల ఆయన గొంతు:
"దీని తాళం తప్పుతలేదు మేడం, మంచిగున్నది."
"తల కదలొద్దన్నా" అన్న.

మొదట బరాత్ పాట.
తెర మీద వెలిగింది చేతులాడించే మూల.
దుప్పటి కింద వేళ్ళు పనిజేస్తున్నయి.
ఊపిరి లెక్కవెట్టే చోటు, అడుగు లెక్కవెట్టే చోటు.
సంతోషం అని రాసున్న గడిల
నాకు కనవడ్డది కూలి.

తర్వాత, పాడె ముందట ఊదే పాట.
వేళ్ళు ఆగినయి.
మెదడు నడుమ, బాగా లోపల,
తీపి నాలుకకు తగిలినప్పుడు,
ఇష్టమైనోళ్ళు తలుపు కొట్టినప్పుడు
వెలిగే గింజంత జాగ
మెల్లగ ఎర్రబారింది,
ఎనుమాముల మార్కెట్ల మిర్చి రాశి మీద పొద్దువడ్డట్టు.
తప్పు పాట పెట్టిననేమోనని మళ్ళ చూసిన.
తప్పు లేదు.

బయటికొచ్చినంక అడిగిన.
అంగీ గుండీలు పెట్టుకుంట చెప్పిండు:
"పెండ్లిల అందరు నన్నే చూస్తరు,
మళ్ళొక్కసారి అంటరు, టోపీల నోట్లు చెక్కుతరు.
పాట వాళ్ళది. ఊదుడే నాది.
సావుల ఒక్కరు నాదిక్కు చూడరు.
మళ్ళొక్కసారి అనెటోడు ఉండడు.
గప్పుడు నా పాట నేను వింట."

కొద్దిసేపాగి,
"మా అవ్వ పోయిననాడు మాత్రం ఊదలే.
పెదవి పట్టలే" అన్నడు.
ఆ మాటకు ఏ మూల వెలిగిందో,
యంత్రం అప్పటికే బందయింది.

తెర చూపిస్తే మెడ వంచి చానాసేపు చూసిండు.
"గింత మీదుంటదా? ఇంకింత కిందనుకున్న" అని
పక్కటెముకల మీద చెయ్యి పెట్టుకున్నడు.

క్లారినెట్ తిరిగిచ్చిన.
గంటసేపు నా ఒళ్ళె ఉండి నులివెచ్చగయింది.
వరండాల, శవాల గది దిక్కుకెళ్ళి
ఎవరో ఆడమనిషి ఏడుపు.
మొగిలి నిలవడ్డడు.
క్లారినెట్ మీద వేళ్ళు కదిలినయి, చప్పుడు లేకుంట.
ఏ పాటో నాకు అందలే.
లోపల తర్వాతి పేరు పిలుస్తున్నరు.