సుద్దగీత

ప్రొద్దుటూరులో, మైదుకూరు రోడ్డు పక్క సందు,
రెండు గదుల బాడుగిల్లు.
కడప బండల మీద వాడు సుద్దముక్కతో గీత గీసినాడు.
"ఇట్ల నాది. అట్ల నీది. దాటితే చూడు."
తొమ్మిదేండ్ల ఓబులేసు, నా కొడుకు.

ఈశ్వరికి ఏడు.
జమ్మలమడుగు నించి ఒక రేకుపెట్టె,
వాళ్లమ్మ ఫోటో,
నన్ను ఏమని పిలవాలో తెలియని నోరు
తెచ్చుకునింది.
మావాడూ అంతే. ఆయన్ని "ఆయన" అనే అంటాడు.

పెండ్లయి పన్నెండు రోజులు.
ఫ్యాను వాడి పక్క, కిటికీ ఆ పిల్ల పక్క.
ఉగ్గాని సమంగా పెట్టినా
బజ్జీలు లెక్కేసుకుంటారు.
నల్లబండ మీద ఆ తెల్లగీత
తడిగుడ్డతో తుడవబోతే ఆయన చెయ్యి పట్టుకున్నాడు:
"ఉండనీ. ఇంత జరిగినాక
వాళ్లు సొంతంగా చేసింది అదొక్కటే."
అప్పటి నించి
గీతను తప్పించి ఇల్లు తుడుస్తున్నా.

నిన్న రాత్రి కరెంటు పోయింది.
ఫ్యాను వాడిదే గాని గాలి ఎవరికీ లేదు.
చీకట్లో ఎవరిదో నవ్వు,
ఎవరిదో "ష్",
బండ మీద సుద్ద కీచుమన్న చప్పుడు.

పొద్దున చూస్తే
గీత వంటింటి గడప దాకా జరిగింది.
అటు వాళ్లిద్దరు, రేకుపెట్టె, ఫోటో.
ఇటు నేను, ఆయన, గ్యాసుపొయ్యి.

"దాటాలంటే అడగాల" అనింది ఈశ్వరి.
"ఏమని అడగాల?"
ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు.
అది ఇంకా అనుకోలేదంట.

గరిటె పట్టుకుని నిలబడే ఉన్నా.
వెనక పాలు పొంగుతున్నాయి.