పొట్టు

పూర్ణా మార్కెట్టులో ఎర్నమ్మ దగ్గర
నేను ఉల్లిపాయలు కొనను.
పొట్టు అడుగుతాను.
మొదటి రోజు నా సంచీ వైపూ నా మొహం వైపూ చూసి
"అట్టుకెళ్ళి ఏటి సేస్తావమ్మా, పొయ్యిలోకా?" అంది.

ఏం చెప్పను?
ఉల్లి చేసిన మేలు తల్లి చేయదని
అందరం అంటాం.
ఆ మేలులో పెద్ద వాటా ఈ ఎర్రటి కాగితాల్లోనే ఉందని,
దాన్నే చేటలో చెరిగి
పారబోస్తున్నామని?

బస్తా పొట్టు ఉడికించి, వడగట్టి, ఆరబెడితే
మిగిలేది చిటికెడు పసుపు పొడి.
క్వెర్సిటిన్.
వీధి చివర సముద్రం ఉన్న ఊళ్ళో
నీళ్ళంటే గిట్టనిదాన్ని పట్టుకున్నాను నేను.
మింగితే, పేగు గుమ్మం దాకా వెళ్ళి
చెప్పులు కూడా విప్పకుండా తిరిగిపోయే చుట్టం.

అందుకే నూనె.
ఒక బొట్టులో దాన్ని దాచడం,
ఆ బొట్టుని విరగ్గొట్టడం,
విరిగినదాన్ని మళ్ళీ విరగ్గొట్టడం
కంటికి ఆననంత దాకా.
సోనికేటర్ కూత పంటి నరం మీద గోరు గీసినట్టు.
బీకరు వేడెక్కకుండా చుట్టూ ఐసు.
మా మెషీను పాడైతే ఫిషింగ్ హార్బరు నుంచి తెచ్చాను,
వారం రోజులు ల్యాబంతా వంజరం వాసన.

పదకొండోసారి
పాలలా ఉన్నది పల్చబడి పల్చబడి
టార్చి వెలుగులో నీలంగా తేలింది,
తెల్లవారుజామున యారాడ కొండ పక్కన
ఇంకా రంగు తేల్చుకోని నీళ్ళలా.
సుందరశివరావు సారు కళ్ళజోడు పైకి తోసి
"ఎనభై నాలుగు నానోమీటర్లు" అన్నారు.
కాసేపాగి, "ఇరవై రోజులు చూడు" అన్నారు.

ఇరవై రోజులు ఎక్కడిది!
జూన్ ఉక్కకి, రెండు రాత్రుల కరెంటు కోతకి
చిన్న బొట్లు పెద్ద బొట్లలోకి వలసపోయాయి.
సీసా మెడకి మీగడ చుట్టు.

మళ్ళీ ఎర్నమ్మ, మళ్ళీ సంచీ.
నూనె మార్చాను. సబ్బుగుణం పాళ్ళు మార్చాను.
చవితి పందిళ్ళు లేచేనాటికి ఒకటి నిలబడింది.
ఎలకల్లో ఏడో నంబరుకి పట్టిస్తే
నెత్తుటిలో గీత లేచింది,
ఒట్టి పొడి తిన్నవాటికి మూడింతలు.
సంతోషంతో బోను దగ్గరికి పరిగెత్తాను గానీ
ఏడో నంబరు కళ్ళలోకి చూడలేకపోయాను.

ఎర్నమ్మకి చెప్పాను.
కణుపులు వాచిన వేళ్ళతో పొట్టు కుక్కుతూ వింది.
"ఎలకలకి బాగున్నాదన్నమాట.
మరి మనుసులకో?"
"ఇంకా చాలా ఏళ్ళు."
సంచీ మూతి బిగించి నా వైపు తోసింది.
"అయితే రేపు తొరగా రా.
మద్దేలకి గాలి లేస్తాది,
పొట్టు నిలవదు."